మన పిల్లల హ్రస్వదృష్టి: దానిని నెమ్మదింపజేయు ఉపాయములు

(సుక్మాలో మన సంఘము వారి కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగము)

 

సాంస్కృతిక సంఘము వేదిక మీద కంటిని గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. పద్యపఠనమో, నాటకమో, హరికథయో ఉండవలసిన చోట కండ్లజోళ్ల మాటలెందుకు? కాని నిరుడు ఉగాది నాడు మన పిల్లలు ఈ వేదిక మీదనే ఏకాంకిక నాడిరి. వేషము వేసిన పదునొకండుగురిలో నలుగురు కండ్లజోళ్లు తీసి తల్లుల చేతికిచ్చి వేదిక నెక్కిరి. వారిలో ఒక బాలుడు మెట్టు కానక తొట్రుపడెను. మనమందరము నవ్వితిమి. నేనును నవ్వితిని. ఇంటికి పోయిన పిమ్మట ఆ నవ్వు నన్ను నిద్రపోనీయలేదు. కార్యదర్శిగారు ఈ యేడు ప్రసంగము చేయుమని కోరగా, ఈ విషయమే చెప్పెదనంటిని.

నేను వైద్యుడను కాను. లెక్కల విభాగములో పనిచేయువాడను. ఒక తండ్రిగా చేసిన పొరపాట్లును, వాని వలన చదివియు, వైద్యుల నడిగియు తెలిసికొన్న సంగతులును మీ ముందుంచెదను.

మొదట నా పొరపాటు చెప్పవలెను. మా అమ్మాయి మూడవ తరగతిలో ఉండగా టెలివిజను దగ్గరకు జరిగి కూర్చుండెడిది. దూరముగా కూర్చుండుమని నేను కసరెడివాడను. ఒకనాడు అది, "నాన్నగారూ, అక్కణ్ణుంచి చూస్తే మనుషులకు మొహాలుండవు" అన్నది. అప్పటికిగాని నాకు తెలిసిరాలేదు. జగదల్‌పురము తీసికొనిపోయి పరీక్ష చేయింపగా రెండు కండ్లకును మైనస్ ఒకటిన్నర వచ్చెను. అద్దములు కొనితిమి. ఇంతలో మా ఇంట పెద్దవారొకరు, "అబ్బాయీ, అద్దాలు అలవాటు చేస్తే నంబరు పెరుగుతుందయ్యా, బడికి మాత్రం పెట్టించు చాలు" అనిరి. ఆడపిల్ల గదా, రేపు సంబంధములు చూచునపుడేమందురో యను శంక నాలోను ఉండెను. పెద్దల మాటకు నా శంక తోడైనది. అద్దములు సంచిలోనే ఎక్కువ కాలముండెను. మరల పరీక్షకు రెండేండ్లు పోలేదు. పోవునప్పటికి మూడుముప్పావు అయి ఉండెను.

అద్దములు సరిగా పెట్టనందువలననే అంత పెరిగినదని నేననను. ఎదుగు వయస్సులో ఎట్లును కొంత పెరుగును. కాని ఆ రెండేండ్లలో చేయదగినది ఏమైన కలదా యని ఎవరినీ అడుగకపోవుట మాత్రము నా తప్పు. ఆ తప్పు మీరు చేయకుందురు గాక యని ఈ ప్రసంగము.

హ్రస్వదృష్టి యనగా నేమి? దగ్గరి వస్తువు కనబడి, దూరపు వస్తువు మసకబారుట. పుట్టిన శిశువు కనుగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉండును. పెద్దవారికి 24 మిల్లీమీటర్ల ప్రాంతమగును. కొందరు పిల్లలలో ఈ పెరుగుదల ఆగవలసిన చోట ఆగక గ్రుడ్డు నిడుపుగా సాగును. అప్పుడు దూరము నుండి వచ్చు వెలుగు కంటి వెనుకనున్న రెటీనా పొర మీద గాక దానికి ముందే కూడుకొనును. ఒక్క మిల్లీమీటరు అదనముగా సాగిన చాలును, నంబరు రెండున్నర మూడు దాకా పెరుగును. సాగిన గ్రుడ్డు మరల కుదియదు. కావుననే నంబరును తగ్గించుట గాక, పెరుగుదలను నెమ్మదింపజేయుటయే ఈనాటి వైద్యుల ప్రయత్నము.

"అద్దములు పెట్టుకొన్న కనబడును గదా, ఇంత ఆరాటమేల?" అని అడుగవచ్చును. చిన్న నంబరైన అంతే. కాని నంబరు ఆరు దాటినవారికి నడివయస్సులో రెటీనా ఊడుట, చూపుకు కేంద్రమైన మాక్యులా దెబ్బతినుట, నీటికాసులు, శుక్లములు త్వరగా వచ్చుట మున్నగు ప్రమాదములు హెచ్చు. లేసరు చికిత్సతో అద్దములు పోవచ్చును. గ్రుడ్డు నిడుపు పోదు, దానితో వచ్చు ప్రమాదమును పోదు. ఆరేడేండ్లకే సైటు వచ్చిన బిడ్డకు అది పెరుగుటకు కావలసినన్ని ఏండ్లు ముందున్నవి. పదునాలుగవ యేట వచ్చినవానికి అంత భయము లేదు. కావున రాకను ఒకటి రెండేండ్లు వాయిదా వేయుట కూడ గొప్ప లాభమే.

ఇది మన ఇండ్లలోని ముచ్చట మాత్రమే కాదు. 2050 నాటికి ప్రపంచ జనాభాలో ఇంచుమించు సగము మందికి హ్రస్వదృష్టి ఉండగలదని 2016లో పరిశోధకులు అంచనా కట్టిరి. మన తెలుగునాట ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కలదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన ఆ ప్రసాదుగారి పేరిట, డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నెలకొల్పినది. ఆ సంస్థ పరిశోధకులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో 7 నుండి 15 ఏండ్ల పిల్లలను పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. నూటికి నలుగురికి హ్రస్వదృష్టి. అదే యేట ప్రకటితమైన ఢిల్లీ నగర పరిశోధనలో నూటికి ఏడుగురు. 2015లో ఢిల్లీ పాఠశాలల పరిశోధనలో నూటికి పదుమువ్వురు. తూర్పు ఆసియా నగరములలో చదువు ముగించు యువకులలో నూటికి ఎనుబదిమందికి పైగా ఉన్నారు.

ఈ పెరుగుదలకు వంశము కొంత కారణము. తల్లిదండ్రులకున్న పిల్లలకు వచ్చు అవకాశమెక్కువ. కాని ఒక్క తరములో వంశము మారదు గదా! సింగపూరులోను, సిడ్నీలోను నివసించు చైనా సంతతి పిల్లలను పోల్చి 2008లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఆరేడేండ్ల వయస్సులో సింగపూరు పిల్లలలో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి. సిడ్నీ పిల్లలలో నూటికి మువ్వురికి మాత్రమే. సిడ్నీ పిల్లలు వారమునకు పదమూడు గంటలకు పైగా ఆరుబయట గడపిరి; సింగపూరు పిల్లలు మూడు గంటలే. చదువులో సిడ్నీ పిల్లలు వెనుకబడినవారును కారు. 2020లో కరోనా కారణమున పిల్లలు ఇండ్లలో మూతబడిన పిమ్మట చైనాలో ఒక పట్టణపు ఆరేండ్ల పిల్లలను చూడగా, అంతకు ముందు ఏండ్లలో నూటికి ఆరు దాటని సంఖ్య ఇరువది యొకటికి ఎగబ్రాకెను.

ఇక ఉపాయములు. మొదటిది ఖర్చు లేనిది: వెలుతురు. గదిలో దీపము వెలుగు కొన్ని వందల లక్స్‌లు. చెట్టు నీడలో కొన్ని వేలు. నిండు ఎండలో లక్ష దాకా ఉండును. పగటి వెలుగు సోకినప్పుడు రెటీనాలో డోపమిన్ అను పదార్థము ఊరి గ్రుడ్డు సాగుటను అదుపు చేయునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఒకటవ తరగతి పిల్లలకు రోజుకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడపు ఏర్పాటు చేసి మూడేండ్లు చూచిరి. ఆ పాఠశాలలలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు నూటికి 30. తక్కిన పాఠశాలలలో 39. ఈ ఫలితము 2015లో వెలువడెను. తైవాను ప్రభుత్వము 2010 నుండి రోజుకు రెండు గంటల ఆరుబయటి కాలమును పాఠశాలల లక్ష్యముగా పెట్టెను. ఆటయే ఆడవలెనని లేదు. నడచినను, కూర్చుండి కబుర్లాడినను వెలుతురు వెలుతురే. మండుటెండ అక్కరలేదు, నీడ చాలును, టోపీ ఉండవచ్చును. అయితే ఈ ఉపాయము సైటు రాకుండ ఆపుటకు బాగుగా పనిచేయును. వచ్చిన తరువాత దాని బలము తక్కువ.

రెండవది చదువు తీరు. పుస్తకము మోచేతి దూరమున ఉండవలెను. అరగంట చదివిన పిమ్మట కిటికీ వెలుపలి చెట్టును కొంతసేపు చూడవలెను. దుప్పటిలో దూరి సెల్‌ఫోను చూచుట మానుపవలెను. చదువు మానుమని కాదు సుమా! ఎడతెగక, మరీ దగ్గరగా చూచుటయే కీడు.

మూడవది అద్దములు. సరియైన నంబరు అద్దములను పూర్తిగా వాడవలెను. తక్కువ నంబరు ఇచ్చి మోసగించిన కన్ను నెమ్మదించునను నమ్మకమును మలేషియాలో పరీక్షించి 2002లో ప్రకటించిరి. తక్కువ నంబరు ధరించిన పిల్లలకే కొంచెము ఎక్కువగా పెరిగెను. మా ఇంటి పెద్దవారి మాటకు ఇది జవాబు. మామూలు అద్దములు చూపునిచ్చును గాని పెరుగుదలను ఆపవు. ఇప్పుడు ప్రత్యేకమైన అద్దములు వచ్చినవి. నడుమ మామూలు నంబరుండి, చుట్టును చిన్న చిన్న కటకములు పొదుగబడి ఉండును. అంచులలో పడు వెలుగును రెటీనాకు ముందే కూర్చి, గ్రుడ్డు సాగుటకు వలయు ప్రేరణను ఇవి తగ్గించును. హాంకాంగులో రెండేండ్ల పరీక్షలో ఇట్టి అద్దములు పెరుగుదలను దాదాపు సగమునకు తగ్గించెను. మన దేశమునను దొరకును. వెల మామూలు అద్దములకు ఎన్నో రెట్లు; నంబరు మారినప్పుడెల్ల మార్చవలెను.

నాలుగవది చుక్కల మందు. అట్రోపిన్‌ను మిక్కిలి పలుచగా చేసి రాత్రి పండుకొనునపుడు ఒక్కొక్క చుక్క వేయుదురు. సింగపూరు పరిశోధనలలో గాఢమైన మందు బాగుగా పనిచేసినను వెలుతురు ఓర్చలేకపోవుట, దగ్గరి చూపు మసకబారుట, మందు ఆపగానే మరల వేగముగా పెరుగుట కనబడెను. కావున పలుచని మందును పరీక్షించిరి. 2019లో ప్రకటితమైన హాంకాంగు పరిశోధనలో మూడు పాళ్లను పోల్చగా, 0.05 శాతము మందు మొదటి యేట పెరుగుదలను మూడింట రెండు వంతులు తగ్గించెను, 0.01 శాతము మందు నాలుగవ వంతు మాత్రమే. మన దేశపు పరీక్షలో 0.01 శాతము కూడ మేలు చేసినట్లు 2021లో ప్రకటించిరి. అమెరికా పరీక్షలో దాని వలన లాభము కనబడలేదని 2023లో ప్రకటించిరి. కావున ఏ పాలు ఎవరికో నేత్రవైద్యుడే నిర్ణయింపవలెను. ఒకరి బిడ్డ సీసా మరొకరు తెచ్చి వేయరాదు.

అయిదవది కాంటాక్టు లెన్సులు. పగలు ధరించు మెత్తనివి కొన్ని, రాత్రి ధరించి ఉదయము తీయు గట్టివి కొన్ని. ఇవియు పెరుగుదలను తగ్గించునవే. కాని చేతుల శుభ్రత తప్పిన కంటి నల్లగ్రుడ్డుకు పుండుపడు ప్రమాదము కలదు. నూరు కిలోమీటర్లు పోయినగాని నిపుణుడు దొరకని మన వంటివారు బాగుగా ఆలోచించి దిగవలసిన మార్గమిది.

పొన్నగంటికూర, మునగాకు, క్యారెట్టు మంచివే. విటమిన్ ఏ లోపమున వచ్చు రేచీకటికి అట్టి ఆహారము మేలు చేయును. సాగిన కనుగ్రుడ్డును అవి కుదింపవు. కంటి కసరత్తులతో అద్దములు తీయించెదమను ప్రకటనలకు డబ్బు పోయవలదు.

ఇక మన ఊరి మాట. సుక్మా 2012లో దంతెవాడ నుండి విడివడి జిల్లా యయ్యెను. శబరి ఒడ్డున, ఇప్పచెట్ల నడుమ ఉన్నాము. వెలుతురుకు కరవు లేదు. కాని ఈ ప్రాంతము చూచిన కష్టకాలము వలన పిల్లలను క్వార్టర్ల గేటు దాటనీయని అలవాటు మనకు ఏర్పడినది. ఆ జాగ్రత్త తప్పు కాదు. అయితే గేటు లోపలి ఖాళీస్థలమును కూడ విడిచి పిల్లలు గదులలో ఫోను పట్టుకొని కూర్చున్నారు. చుట్టుపట్ల దోర్ల, కోయ పిల్లలు పశువుల వెంట, బడి దారిలో పగటి వెలుగున తిరుగుచుండగా, వారి నడుమ నివసించు మన పిల్లలకు అది కొరత యగుట విడ్డూరము కాదా?

కావున సంఘము వారికి మూడు మనవులు. ఒకటి, ప్రతిదినము సాయంకాలము చీకటిపడక ముందు గంటసేపు పిల్లలందరు మైదానములో ఉండునట్లు, పెద్దలు వంతుల వారీగా తోడుండునట్లు ఏర్పాటు చేయవలెను. రెండు, మన గ్రంథాలయపు గోడకు కంటి పరీక్ష పటము తగిలించి, ఆరు మీటర్ల చోట నేలపై గీత గీయవలెను. ఒక కన్ను మూసి, తరువాత రెండవ కన్ను మూసి, ఆరు నెలలకొకసారి ప్రతి బిడ్డను చూడవలెను. తేడా కనబడినవారు వైద్యుని వద్దకు పోవలెను. కండ్లలో చుక్కలు వేసి చేయు పరీక్షనే అడుగవలెను, లేకున్న చిన్నపిల్లల నంబరు తప్పుగా ఎక్కువ రావచ్చును. కోంటా వైపువారికి భద్రాచలము చేరువ, తక్కినవారికి జగదల్‌పురము. మూడు, వచ్చే ఉగాది నాటకములో పిల్లలు కండ్లజోళ్లతోనే వేషములు వేయవలెను. రాముడు కండ్లజోడు పెట్టినచో మనకు వచ్చు లోటు లేదు. మెట్టు కానక పడినచో లోటు.

మా అమ్మాయి మాటతో ముగించెదను. మూడుముప్పావు వచ్చిన తరువాత సెలవులో హైదరాబాదు తీసికొనిపోయి, వైద్యుల సలహా మీద చుక్కలు మొదలుపెట్టితిమి. అద్దములు నిద్రలో తప్ప తీయదు. రెండేండ్లలో నంబరు అర మాత్రము పెరిగినది. అది చుక్కల మహిమయో, వయస్సు మహిమయో ఒక్క బిడ్డను చూచి చెప్పలేము. దాని తమ్మునికి ఇంకను సైటు రాలేదు. వాడు సాయంకాలము ఇంట ఉండుట మా ఇంట నేరము. మొన్న అమ్మాయి వంతెన మీద నిలిచి శబరి ఆవలి ఒడ్డున ఉన్న మనుష్యులను చూపి, "నాన్నగారూ, ఆ వెనక నడిచేది ముసలాయన, చేతిలో కర్ర ఉంది" అన్నది. నాకు కర్ర కానరాలేదు. నా అద్దములు మార్చి నాలుగేండ్లయినవి.