వానాకాలం తలుపు పట్టేసిందా? అప్పుడే చిత్రిక పట్టించకండి

ఈ వానలకి మన ముదిగొండలో చాలా ఇళ్లల్లో బెడ్‌రూమ్ తలుపు దర్వాజకి పట్టేసి, భుజంతో నెడితేగానీ పడట్లేదు. వెంటనే చిత్రిక పట్టించకండి, ఆగండి. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు పెద్దగా మారదు. ఇప్పుడు ఎక్కువ తీసేస్తే మే ఎండలకి సందులోంచి పక్క గది కనిపిస్తుంది. తీసిన చెక్క మళ్లీ అతకదు కదా!

ముందు పై మడత బందు స్క్రూలు బిగించండి, తలుపు వాలి ఉండొచ్చు. ఇంకా పడుతుంటే దర్వాజకి సుద్ద రాసి మూయండి. సుద్ద అంటిన చోటే, కొంచెం కొంచెంగా తీయండి. 2, 3 మిల్లీమీటర్ల సందు చాలు. ఫ్లష్ డోర్ అయితే మరీ జాగ్రత్త, అంచు పట్టీ దాటితే లోపలి ముక్కలు బయటపడతాయి.

తీసిన అంచు ఆరాక ప్రైమర్ కొట్టండి. కింది అంచుకి కూడా! ఎవరు చూస్తార్లే అని పెయింటర్లు వదిలేసేది అదే, నీళ్లు తాగేదీ అదే.