దాచిన కబురు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు కబురంపారు. ఏ దేశంలో ఏ కోర్సు మంచిది, ఎంత ఖర్చవుతుంది అనేవి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే వున్నారు. నేను మనవి చేసుకోదలచింది వేరు. ఇంటిని వదిలి ఏడాది చదువుకు వెళ్ళినవాడికీ, వెనక మిగిలిన ఇంటికీ నడుమ నడిచే కబుర్ల గురించి. ముఖ్యంగా, నడవని కబుర్ల గురించి.

మన కోనసీమకు ఎడబాటు కొత్త కాదు. కువైట్‌కో, దుబాయికో, మస్కట్‌కో మనిషిని పంపిన ఇళ్ళు ముమ్మిడివరంలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఎన్నో వున్నాయి. అయితే పనికి వెళ్ళినవాడు ఇంటికి డబ్బు పంపుతాడు. చదువుకు వెళ్ళినవాడికి ఇంటినుంచే పంపాలి. ఇన్ని లక్షలు పోశాం, వాడి చదువు పాడుకాకూడదు అన్న భయం ఇంటిల్లిపాదికీ పట్టుకొంటుంది. అందుచేత, "ఇక్కడ ఏం జరిగినా వాడికి మాత్రం చెప్పకండి" అనుకొంటారు.

ఇది పాత అలవాటే. గాంధీగారు 1888లో భార్యను, నెలల బిడ్డను, తల్లిని వదిలి బారిష్టరు చదువుకు లండను వెళ్ళారు. ఆయన అక్కడుండగానే తల్లి పుత్లీబాయి కన్నుమూశారు. 1891లో ఆయన బొంబాయిలో ఓడ దిగేదాకా అన్నగారు ఆ మాట చెప్పలేదు. పరాయిదేశంలో దెబ్బ తగలకూడదని దాచారు. తండ్రి పోయినప్పటికంటే ఆ దుఃఖం ఎక్కువైందని గాంధీగారే తన ఆత్మకథలో రాసుకొన్నారు.

మన గోదావరి సీమ మనిషి మరొకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. 1920ల మొదట్లో, గర్భవతిగా వున్న భార్యను ఇక్కడ వదిలి, ఉష్ణదేశాల జబ్బుల వైద్యంలో డిప్లొమా కోసం అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళారు. ఆయన ప్రయాణానికి సాయం చేసినవారిలో మనకు ఏరు దాటితే వచ్చే కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు. పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. తర్వాత ఆయన చేతి మీదుగా ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ వంటి మందులు లోకానికి అందాయి. ఆయన మాత్రం 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఇంటికి తిరిగి రాలేదు. ఆయన గొప్పదనం పుస్తకాల్లో చదువుతాం. ఇక్కడ మిగిలిపోయిన ఆ ఇల్లాలి సంవత్సరాల లెక్క ఎవరు రాస్తారు?

ఆ రోజుల్లో ఉత్తరం ఓడ మీద వెళ్ళాలి. వారాలు పట్టేది. ఇప్పుడు ఫోను ప్రతి చేతిలోనూ వున్నది. అయినా దాస్తూనే వున్నాం. ఎలాగో నా సంగతే చెబుతాను.

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది గదా, అది తీసిన రెండు నెలలకు నేను ఏడాది ఎమ్మెస్సీ కోసం ఇంగ్లండు బయలుదేరాను. కాకినాడలో గౌతమి ఎక్కాలని ఎదుర్లంక దగ్గర బాలయోగిగారి వంతెన దాటుతుంటే, నాలుగేళ్ళ మా అమ్మాయి నా చొక్కా పట్టుకొని, "అబ్బా, రేపొస్తావా?" అంది. రేపే వస్తానన్నాను. మా ఇంట్లో మొదటి అబద్ధం అదే. అది నాదే.

తర్వాత ఇద్దరం అబద్ధాలాడాం. అక్కడ చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. ఆ పని కూడా నాకు రెండు నెలలు దొరకలేదు. రొట్టె, గుడ్లతో గడుపుతూ, "బిర్యానీ తిన్నాను" అని ఫోనులో చెప్పేవాణ్ణి. ఆ తర్వాత పని దొరికి నాలుగు వందల పౌండ్లు కూడబెట్టాను. అప్పటి ధరకు మన డబ్బు నలభై వేలు.

2023 ఫిబ్రవరిలో మా అమ్మీ పెరట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషను చేశారు. నాకెవరూ చెప్పలేదు. ఫోను చేస్తే, "అమ్మీ నిద్రపోతున్నది", "అమ్మీ పక్కింటికి వెళ్ళింది" అనేవారు. ఇరవై రోజులకు పైగా అమ్మీ నిద్రపోతూనే వున్నది! చివరకు మా అమ్మాయే ఫోను లాక్కొని, "దాదీ కాలికి ఇనుప కడ్డీ వేశారు, అబ్బా" అని చెప్పేసింది.

ఆపరేషను డబ్బు చాలక మా ఆవిడ చేతి గాజులు తాకట్టు పెట్టింది. నలభై వేలు నా దగ్గర వుండగానే గాజులు తాకట్టుకెళ్ళాయి. నేను ఇబ్బందుల్లో వున్నానని ఆమె అనుకొన్నది. ఇంటి దగ్గర అంతా బాగానే వున్నదని నేననుకొన్నాను. ఇద్దరిదీ ప్రేమే. ఆ ప్రేమకు వడ్డీ మాత్రం నెలనెలా కట్టాం.

అంతకంటే బాధ వేరొకటి వున్నది. సంగతి తెలిసిన నాటినుంచి ఇంటినుంచి వచ్చే ఏ మాటా నమ్మలేకపోయాను. "అంతా బాగుంది" అంటే గుండె దడ. చదువు పాడవకూడదని దాచారు. దాచినందుకే పాడైంది. ఆ నెలలో రాయవలసిన వ్యాసం ఒకటి రాయలేకపోయాను.

తిరిగి వచ్చాక అమ్మీని అడిగాను. "నేను చెబుదామనే అన్నాను బేటా. నన్నెవరు అడిగారు? నీ గొంతు వింటే నొప్పి మరచిపోయేదాన్ని" అంది. అందరం ఆమె గురించి ఆలోచించాం గాని, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ మాట ఇప్పుడు మరీ ముఖ్యం. నేను వెళ్ళిననాడు స్తోమత వుంటే భార్యాబిడ్డల్ని తీసుకువెళ్ళే వీలుండేది. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో మామూలు ఏడాది మాస్టర్స్ చదివేవారికి, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పొందినవారు తప్ప, ఆ వీలు తీసేశారు. అందుచేత ముందుగా ఇంట్లో కూర్చుని నాలుగు సంగతులు తేల్చుకోమని నా మనవి.

మొదటిది. ఆస్పత్రి, అప్పు, చావు. ఈ మూడూ అటూ ఇటూ ఎవరికి వచ్చినా అదే రోజు చెప్పాలి. చెప్పడం వేరు, రమ్మనడం వేరు. కబురు విన్నవాడు రావాలా, వద్దా అన్నది అందరూ కలిసి ఆలోచించుకోవచ్చు.

రెండవది. మనలో ఖననం ఆలస్యం చెయ్యరు. ఇంగ్లండునుంచి ఊరు చేరేసరికి ఒక రోజు గడిచిపోతుంది. జనాజాకు అందలేకపోవచ్చునన్న మాట బయలుదేరేముందే పెద్దలతో మాట్లాడుకోవాలి. కష్టమైన మాటే. అప్పటికప్పుడు ఫోనులో మాట్లాడుకోవడం ఇంకా కష్టం.

మూడవది. ఏడాది అంటే ఏడాదేనా? చదువయ్యాక అక్కడే పనిచెయ్యడానికి రెండేళ్ళ వీసా వుంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుందని ప్రకటించారు. వుండిపోవాలన్న ఆలోచన వుంటే భార్యకు ముందే చెప్పండి. విమానం ఎక్కాక చెప్పే మాట కాదది.

నాలుగవది డబ్బు. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుకు వడ్డీ రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం "పఢో పర్‌దేశ్"ను 2022-23 నుంచి ఆపేశారు. ఇంకా వుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అప్పెంత, వాయిదా ఎంత, చేతిలో ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి, ఇద్దరి దగ్గరా చెరొకటి వుంచుకోండి. తిరుగు టిక్కెట్టు డబ్బు విడిగా పెట్టి, దానిని ముట్టకండి.

సంఘానికి కూడా ఒక విన్నపం. సీటు వచ్చిన రోజున కుర్రవాడికి శాలువా కప్పుతున్నాం. సంతోషమే. ఆ తర్వాత ఏడాదిపాటు నెలకొకసారి ఎవరైనా ఆ ఇంటికి వెళ్ళి, "ఎలా వున్నారు?" అని అడిగితే బాగుంటుంది. ఆ ఇంట్లోని ముసలమ్మను కూడా అడగాలి.

మా అమ్మీ ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నది. మా అమ్మాయి బడికి వెళ్తున్నది. నేను అమలాపురం వెళ్ళినా, "ఎప్పుడొస్తావు?" అని అడుగుతుంది. ఇప్పుడు సరైన టైము చెబుతున్నాను.