పొగయు నిప్పును: రక్తమున క్యాన్సరు జాడలు



మలేరియా రోగి రక్తమును పీల్చిన దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో కనిపెట్టెను. బేగంపేటలో ఆయన పేరిట నొక పరిశోధనసంస్థ వెలసినది. మలేరియా పరీక్షలో రక్తపు చుక్కయందు క్రిమియే కంటబడును, దొంగయే దొరికినట్లు. క్యాన్సరు విషయమున సామాన్యముగా దొరకునది దొంగ కాదు, అడుగుజాడ మాత్రమే.

క్యాన్సరు కణములు గాని, వాని తాకిడికి దేహము గాని విడుచు కొన్ని పదార్థములను ట్యూమర్ మార్కర్లందురు. అండాశయమునకు సి.ఏ. 125, పెద్దప్రేగునకు సి.ఇ.ఏ., ప్రోస్టేటు గ్రంథికి పి.ఎస్.ఏ., కాలేయమునకు ఏ.ఎఫ్.పి. అట్టివి.

కొండపై పొగను చూచి నిప్పు కలదని తార్కికులు ఊహింతురు. కాని మంచును చూచి పొగయని భ్రమపడుటయు కలదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండున నిప్పుండియు పొగ లేకపోవుటయు కలదు. ఈ రెండు చిక్కులును ఈ పరీక్షలకున్నవి. చుట్టబీడీలు త్రాగువారికి సి.ఇ.ఏ., గర్భిణులకు ఏ.ఎఫ్.పి., వయసుతో ప్రోస్టేటు పెరిగినవారికి పి.ఎస్.ఏ. క్యాన్సరు లేకయే హెచ్చవచ్చును. కొందరికి క్యాన్సరుండియు అంకె పెరుగదు. కావున ఒక్క కాగితమును చూచి భీతిల్లనురాదు, నిశ్చింతగా నుండనురాదు. అనుమానము కలిగినచోట స్కానింగు తీసి, కంతి ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి వైద్యులు నిర్ణయింపవలెను.

మరి వీని ప్రయోజనమేమి? జమాబందీలో ఒక యేటి అంకెకంటె ఏటేటి హెచ్చుతగ్గులే గ్రామస్థితిని తెలుపును. వ్యాధి నిర్ణయమైన పిమ్మట ఈ అంకెల వరుసయు అట్టిదే: చికిత్స పనిచేయుచున్నదా, వ్యాధి తిరుగబెట్టుచున్నదా అను సంగతిని సూచించును.

ఇందుకు నిదర్శనమైన కథలో తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడపిన పరిశోధనల నుండి మెథోట్రెక్సేట్ అను ఔషధము వెలువడెను. ఆయన 1948లో కీర్తిశేషుడయ్యెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు ఆ మందును మావినుండి పుట్టు కోరియోకార్సినోమా అను క్యాన్సరుకు వాడిరి. కంతులు కంటికి కనబడకుండ పోయినను, మూత్రమున హెచ్.సి.జి. అను హార్మోను మిగిలియున్నంతకాలము లీ మందు నాపలేదు. ఆ పట్టుదలవలన ఆయన ఉద్యోగమే పోయినది. కాని ముందుగా మందు మాన్పించినవారికి వ్యాధి తిరుగబెట్టినది; హార్మోను పూర్తిగా పోవువరకు మందు పుచ్చుకొన్నవారు బ్రదికిరి. 1972లో లీకి లాస్కర్ పురస్కారము లభించెను. నేడు ఆ హార్మోనును రక్తముననే కొలుచుచున్నారు.

కావున పంజాగుట్టలోని నిమ్స్‌కు గాని, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి గాని పోవు రోగి బంధువులు పాత కాగితములను పారవేయక, తేదీల వరుసను కూర్చి తీసికొనిపోవలెను. వీలైనంతవరకు ఒకేచోట పరీక్ష చేయించుట మేలు; కొలమానము మారినచో అంకెలు పోల్చుటకు పనికిరావు.