ఒక్కడే సరంగు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నేను డి.ఏ. బకాయిల గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఆ విషయం కార్యదర్శిగారు నాకంటె బాగా చెబుతారు. నన్ను మాత్రం ‘మీ అమెరికా ప్రయాణం గురించి ఏదైనా చెప్పండి’ అన్నారు. డిస్నీలాండు గురించి మీ పిల్లలు మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. అందుచేత నేను ఒక పడవ గురించి చెబుతాను. రోడ్డు మీద కారు వెనక వచ్చి, నీళ్ళలో దిగి రెక్కలు విప్పే పడవ. దాన్ని ఒక్క మనిషే నడుపుతాడు. నేను చూసినప్పుడు ఆ మనిషికి 71 ఏళ్ళు.

మీలో చాలామందికి తెలుసు. నేను 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళ మధ్య గడిచిపోయాయి. కాకినాడలో ఉన్నన్నాళ్ళూ సముద్రం పక్కనే ఉన్నా, ఏనాడూ పడవెక్కి సముద్రం మీదికి పోలేదు. ఈత కూడా రాదు. 2014లో నా భార్య కాలం చేసింది. రెండేళ్ళ తర్వాత మా అబ్బాయి నన్ను అమెరికాలోని శాన్ డియేగోకి తీసుకువెళ్ళాడు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి, మనవడు బడికి. ఇంట్లో నేనూ, గోడ గడియారమూ.

పక్కింటి పెద్దమనిషి కూడా భార్యను పోగొట్టుకున్నవాడే. ఏదో ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు చూసి రిటైరైనవాడు. ఆయన అనుమతి తీసుకోలేదు కనుక పేరు చెప్పను. ఆయన ఇంటి పెరట్లో ట్రైలరు మీద ముడుచుకుని ఒక పడవ ఉండేది. రోజూ కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒకనాడు అడిగాను. మర్నాడు తీసుకువెళతానన్నాడు. వెళ్ళేముందు ఒక షరతు పెట్టాడు. “నేను ఎప్పుడూ ఒక్కణ్ణే నడుపుతాను. ఇవాళ కూడా అంతే. మీరు సామానుతో సమానం. దేన్నీ ముట్టుకోవద్దు, చెప్పేదాకా లేవవద్దు” అన్నాడు. నాకు కొంచెం కష్టమనిపించింది గాని, కొత్త సెక్షనుకి పోయిన గుమాస్తా ఎలా ఉండాలో మనకి తెలియనిదా? సరేనన్నాను.

ఆ పడవ పేరు ఎఫ్-27. మధ్యన ఒక పెద్ద దోనె, అటొకటీ ఇటొకటీ సన్నని చిన్న దోనెలు. ఇలా మూడు దోనెలున్న పడవని ట్రైమరాన్ అంటారు. ఆ మాట విని తెల్లదొరల మాట అనుకోకండి. కట్టిన కొయ్యలు అనే అర్థంలో తమిళులు కట్టుమరం అంటారు. మన ఉప్పాడ తీరంలో తెప్ప అంటాం. ఆ కట్టుమరమే ఇంగ్లీషులో కాటమరాన్ అయింది. దాని నుంచి మూడుకి ట్రైమరాన్ పుట్టింది. మన జాలరులు వేట నుంచి వచ్చాక తెప్ప కట్లు విప్పి, దుంగల్ని ఇసుకలో ఆరబెట్టడం నా చిన్నతనంలో చూశాను. ఈ పడవని కూడా పని కాగానే ముడిచి ఇంటికి తెచ్చుకుంటారు.

దీన్ని రూపొందించిన ఇయాన్ ఫారియర్ న్యూజిలాండ్ దేశస్థుడు. ట్రైలరు మీద తీసుకుపోగల మడత ట్రైమరాన్లను 1970 దశకంలో ఆస్ట్రేలియాలో తయారుచేశాడు. తర్వాత అమెరికా వచ్చాడు. శాన్ డియేగో ప్రాంతంలోనే కోర్సెయిర్ మెరైన్ అనే సంస్థ 1980 దశకంలో ఈ ఎఫ్-27ను కట్టడం మొదలుపెట్టింది. 2017లో ఫారియర్ పరమపదించాడు.

కొలతలు చెబుతాను, మన అలవాటు కదా. పొడవు 27 అడుగులు. రెక్కలు విప్పితే వెడల్పు 19 అడుగులు. ముడిస్తే ఎనిమిదిన్నర అడుగులకి ఒక అంగుళం తక్కువ. ఆ దేశంలో రోడ్డు మీద అనుమతించే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులే. అంటే ఫారియర్‌గారు నిబంధన చదివి, దానికి సరిపోయేటట్టు పడవని ముడిచాడన్నమాట. బరువు సుమారు 1,200 కిలోలు. మామూలు తెరచాప పడవకి అడుగున సీసమో ఇనుమో బరువు కడతారు, గాలికి ఒరిగినా మళ్ళీ లేవడానికి. దీనికి ఆ బరువు లేదు. రెండు పక్కల దోనెలే దీన్ని నిలబెడతాయి. బరువు తక్కువ, దోనెలు సన్నం. అందుకే మామూలు పడవ 6, 7 నాట్లు పోయే గాలికి ఇది 12, 15 నాట్లు పోతుంది. 15 నాట్లంటే గంటకి 28 కిలోమీటర్లు. పెట్రోలు లేదు, వట్టి గాలి.

పొద్దున్నే షెల్టర్ ఐలండ్ రేవుకి చేరాం. ఆయన కారు దిగి ముందుగా పైకి చూశాడు. ఎందుకన్నాను. తెరచాప కొయ్య ఎత్తేటప్పుడు కరెంటు తీగలు తగిలి చచ్చినవాళ్ళున్నారట. తర్వాత జేబులోంచి అట్టముక్క తీశాడు. దాని మీద ఇరవై ఏడు అంశాలు. ఒక్కొక్కటీ చదివి, చేసి, తర్వాతది చదివాడు. ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న పనికి అట్టముక్క ఏమిటని నవ్వాను. “ముప్పయ్యేళ్ళుగా చేస్తున్నాను కనుకనే మరిచిపోతాను” అన్నాడు.

తెరచాప కొయ్య 30 అడుగుల పైమాటే. దాన్ని ఒక్కడే ఎలా ఎత్తుతాడా అని చూశాను. కొయ్య మొదట్లో ఒక గెడ బిగించి, పడవని ట్రైలరు మీదికి లాగే మరతోనే, పిడి తిప్పుతూ నెమ్మదిగా నిలబెట్టాడు. ఎక్కడా బలం చూపించలేదు. తరువాత కారుని వెనక్కి నడిపి ట్రైలరుని నీళ్ళలోకి దించితే పడవ తేలింది. ఒక పక్క దోనెని బయటికి తోశాడు. అది గొడుగు విప్పినట్టు విచ్చుకుని వచ్చి కూర్చుంది. బోల్టులు బిగించాడు. రెండో పక్క కూడా అంతే. మొత్తం నాలుగు బోల్టులు. నీళ్ళలో ఈ పనికి నాలుగైదు నిమిషాలు పట్టలేదు.

చిన్న ఇంజనుతో రేవు దాటాక, చుక్కానికి ఒక కరెంటు పరికరం తగిలించాడు. దాన్ని ఆటోపైలట్ అంటారు. అదే ఒక్కడికి రెండో మనిషి. పడవని గాలికి ఎదురుగా అది నిలబెడుతూ ఉంటే ఈయన తెరచాప ఎత్తుకున్నాడు. తాళ్ళన్నీ ఆయన కూర్చున్న చోటుకే వచ్చేట్టు అమర్చుకున్నాడు. చెయ్యి చాపితే అందని తాడు ఒక్కటీ లేదు. నా బల్ల మీద రబ్బరుస్టాంపు, ఇంకుపేడు, గుండుసూదులు ఎక్కడివక్కడ ఉండేవి గుర్తుందా? అలాగన్నమాట.

నావికాదళం వారి పెద్ద ఓడలు దాటి, పాయింట్ లోమా కొండకొమ్ము దాటి బయట సముద్రంలోకి పోయాం. ఎండ వచ్చింది. గాలి హాయిగా ఉంది. పడవ ఒరగటం లేదు, చేతిలో కాఫీ ఒలకటం లేదు. అటువంటప్పుడు ఆయన లేచి తెరచాపలో కొంత భాగం అడుగునున్న అడ్డకర్రకి చుట్టేశాడు. ‘ఇంత బాగుంటే తగ్గించడమెందుకు?’ అన్నాను.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది. మామూలు పడవ గాలి ఎక్కువైతే ఒరిగిపోయి మనిషిని హెచ్చరిస్తుంది. ట్రైమరాన్ ఒరగదు. చివరిదాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. హద్దు దాటితే ఒక్కసారే తిరగబడుతుంది. తిరగబడ్డాక తనంత తాను లేవదు. మునగదు గనుక దాన్ని పట్టుకుని సాయం కోసం చూడాలి, వదిలి ఈదకూడదు. అందుచేత తెరచాప తగ్గించాలా అని అనుమానం వచ్చిన క్షణమే తగ్గించాలి. అవసరం వచ్చాక తగ్గిద్దామంటే, అప్పటికి ఒక్క మనిషి చేతులు చాలవు.

అరగంటలో గాలి పెరిగింది. అలల మీద తెల్లని నురుగు. మా పడవ 14 నాట్ల మీద పరుగెడుతోంది. నా మెడకి ఒక మఫ్లరు ఉంది. మా ఆవిడ అల్లింది. గాలికి అది ఊడి, దోనెల మధ్య కట్టిన వల మీద పడి చిక్కుకుంది. నేను చటుక్కున లేచాను. “కూర్చోండి!” అని ఆయన కేక వేశాడు. ముప్పయ్యారేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరూ నా మీద అలా కేక వెయ్యలేదు. కూర్చున్నాను.

ఆయన తొందరపడలేదు. ముందు పెద్ద తెరచాప తాడు వదిలాడు. ముందరి చిన్న తెరచాప చుట్టాడు. పడవ వేగం తగ్గింది. ఆటోపైలట్‌కి అప్పగించాడు. తన నడుముకున్న పట్టీ తాడు కొక్కెం పడవకి తగిలించి, లాగి చూసుకున్నాడు. అప్పుడు పాకుతూ వల మీదికి పోయి, ఒక చేత్తో పడవని పట్టుకుని రెండో చేత్తో మఫ్లరు తీశాడు. తెచ్చి నా ఒళ్ళో పెట్టి, “ఒక్కడు నీళ్ళలో పడితే పడవ ఆగదు. ఆటోపైలట్ దాన్ని తీసుకునిపోతుంది. వెనక్కి తిప్పేవాడు ఎవడూ ఉండడు” అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసేపు ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఇంటికి వచ్చాక మా అబ్బాయి చేత పుస్తకాలు తెప్పించుకుని చదివాను. భూమి చుట్టూ ఒంటరిగా తిరిగిన మొదటివాడు జాషువా స్లోకమ్, 1895లో బయలుదేరి 1898లో తిరిగి వచ్చాడు. ఆయనకీ ఈత రాదట, నాకు ధైర్యం వచ్చింది. ఎలెన్ మెకార్థర్ అనే ఇంగ్లీషు అమ్మాయి 2005లో 75 అడుగుల ట్రైమరాన్ మీద 71 రోజుల్లో ఒక్కతే చుట్టి వచ్చింది. 2017లో ఫ్రాన్సు దేశస్థుడు ఫ్రాంస్వా గబార్ 42 రోజుల్లో పూర్తిచేశాడు. మన నౌకాదళం అధికారి అభిలాష్ టోమీ 2013లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టివచ్చాడు. 2017-18లో తారిణి పడవ మీద భూమిని చుట్టిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులే.

ఇక అసలు సంగతి. 2019లో నేను కాకినాడ ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. పొద్దున్న ఆరు గంటలకి స్నానం చేస్తుంటే ముందు గదిలో ఫోను మోగింది. అబ్బాయి చేసే వేళ. తడికాళ్ళతో పరుగెత్తబోయాను. జారి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. స్నానాలగదికి లోపల గడియ, వీధి తలుపుకి లోపల గడియ. ఫోను మోగి మోగి ఆగిపోయింది. పదిగంటలకి పనిమనిషి వచ్చి పిలిచి, అనుమానపడి, పక్కవాళ్ళచేత తలుపు పగలగొట్టించేదాకా నాలుగు గంటలు చలిగచ్చు మీద పడి ఉన్నాను. ఆ నాలుగు గంటలూ ఆ ముసలాయన కేకే నా చెవుల్లో మోగింది: “కూర్చోండి!” పడవ మీద విన్నాను గాని ఇంట్లో వినలేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

అబ్బాయి వచ్చి, ఇల్లు అమ్మేసి తనతో వచ్చెయ్యమన్నాడు. వాడి బాధలో న్యాయం ఉంది. నేను ఒక నోటు రాసి వాడి ముందు పెట్టాను, పాత అలవాటు. స్నానాలగది గడియ తీసేస్తాను. గోడకి పట్టుకునే కమ్మీ వేయిస్తాను. వీధి తలుపుకి బయటనుంచి తీసే తాళం, దాని రెండో చెవి పక్కింట్లో. సెల్‌ఫోను మెడలో సంచిలో, స్నానానికి పోయినా అందేచోట. ఫోను మోగితే పరుగెత్తను; నువ్వు మళ్ళీ చెయ్యి. రాత్రి మెట్లెక్కను, కళ్ళు బాగా కనబడుతున్నప్పుడే మానేస్తాను. అదే నా తెరచాప తగ్గించడం. వాడు నోటు రెండుసార్లు చదివాడు. ఒక ఏడాది చూద్దాం అన్నాడు. ఆ ఏడాది ఇప్పటికీ నడుస్తోంది. నాకు 76.

పిల్లల దగ్గర ఉండేవారిని తప్పుపట్టడం లేదు. ఉండగలిగితే అదృష్టమే. ఒంటరిగా మిగిలినవారికోసం చెబుతున్నాను. పడవని ఒక్కడే నడిపేవాడు సాయం అక్కర్లేనివాడు కాడు. కావలసిన సాయాన్ని బయలుదేరకముందే అమర్చుకున్నవాడు.

చివరిగా సంఘానికి ఒక వినతి. మనలో ఒంటరిగా ఉంటున్నవాళ్ళ జాబితా ఒకటి తయారుచేద్దాం. ఇద్దరిద్దరిని జత కడదాం. రోజూ పొద్దున్న ఏడుగంటలకి ఒకరికొకరు ఫోను. ఎత్తకపోతే పావుగంట ఆగి మళ్ళీ. అప్పటికీ ఎత్తకపోతే చెవి ఉన్న పక్కింటివారికి. బతికే ఉన్నామని ఏడాదికొకసారి ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాం. రోజుకొకసారి స్నేహితుడికి ఇచ్చుకుంటే తప్పేమిటి?

జాబితాలో మొదటి పేరు నాదే రాయండి. నాకు జతగా వచ్చేవారు సభ అయ్యాక కలవండి. పొద్దున్న కాస్త తొందరగా లేచే అలవాటున్నవారైతే మేలు.