సిపాయికి సూది భయమా?
(సంఘం వార్షిక సభలో ఒక మాజీ సైనికుని ప్రసంగం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. పెన్షను తీసుకుని గరిడేపల్లిలో ఉంటున్న పాత సిపాయిని. నాకు తెలిసిన ఒక్క సంగతే మనవి చేస్తాను.

1978లో ట్రైనింగు సెంటరులో మమ్మల్ని వరసగా నిలబెట్టి, టైఫాయిడు రాకుండా టి.ఎ.బి. సూది వేశారు. చెయ్యి వాచింది, జ్వరమొచ్చింది. ఎందుకు సాబ్ అని ఒక్కడు అడిగితే ఒట్టు! అటువంటి వాళ్లమే, 2021 మార్చి 1న అరవై దాటినవారికి కరోనా టీకా మొదలుపెడితే మొహం చాటేశాము. హుకుం ఉన్నన్నాళ్లూ చెయ్యి చాపాము. మన ఇష్టానికి వదిలేసరికి అనుమానాలన్నీ లేచి కూర్చున్నాయి.

ముందుగా నా పొరపాటు ఒప్పుకోవాలి. మా మిల్ట్రీ పెన్షనర్లను పిలిచి, హవల్దారు గొంతుతో "సిపాయివై ఉండి సూదికి భయపడతవా?" అన్నాను. ఒక భాయిసాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయారు. పదిహేను రోజులు సలాముకు జవాబు లేదు.

రెండోసారి నర్సమ్మను పిలిచి చాప మీద గుండ్రంగా కూర్చున్నాము. ముందు వాళ్లనే చెప్పనిచ్చాము. ఒకరు అందులో పంది కొవ్వుందట అన్నారు. కోవిషీల్డులోగాని, మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌లోగాని అటువంటిది లేదని ఆమె చెప్పింది. నెత్తురు గడ్డకట్టే సంగతి అడిగితే దాచలేదు. కోవిషీల్డుతో బహు అరుదుగా జరుగుతుందనీ, కరోనా వస్తే ఆ ముప్పు అంతకంటె ఎక్కువనీ చెప్పింది. ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ 14న మొదలు కాబోతుండింది. సూదితో రోజా పోదని అనేకమంది ఉలమాలు చెప్పిన మాట కూడా వినిపించాము.

అయితే నర్సమ్మ మాటకంటె, గుండె ఆపరేషనయిన మా సుబేదారుసాబ్ మాట బాగా పనిచేసింది. "నేను ఏసుకున్న. రెండు దినాలు ఒళ్లు నొప్పులు, మూడోనాడు పొలం పోయిన," అన్నారు, అంతే.

అప్పుడు, ఆనాడు అలిగి వెళ్లిన భాయిసాబ్ నోరు విప్పారు. బేగం పక్షవాతంతో మంచాన ఉన్నది. "నాకు రెండు దినాలు జరమొస్తే ఆమెను లేపి కూసోబెట్టేదెవరు?" అన్నారు. మాకెవరికీ మాట రాలేదు. ఆయనను పిరికివాడన్నది నేనే గదా!

సుబేదారుసాబ్ కోడలు ఆ రెండు రోజులూ వాళ్లింట్లో ఉన్నది. భాయిసాబ్ టీకా వేయించుకున్నారు. మంచం మీది భాబీకి కూడా తరువాత ఇంటి దగ్గరే వేయించాము.

ఇప్పుడు ఫ్లూ సూది, న్యుమోనియా సూది గురించి అడుగుతున్నారు. ఫ్లూ సూది ఏటేటా వేయించుకోవలసింది. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత అదే చాప మీద కూర్చుంటాము. ఇంట్లో మంచాన ఉన్నవారెవరైనా ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.