కోతకు ముందు ఉత్త నీరు

పైరు కోతకు వచ్చు వేళ రైతుకు కలుగు సందేహములలో ఒకటి చూచుటకు చిన్నది. ఎరువు మానివేసి, కడపటి పది పదునైదు దినములు ఉత్త నీరు మాత్రమే పారించినచో, మొక్క తిన్న మందు కడుగుకొనిపోయి, ఆకు గాని కాయ గాని శుభ్రపడునా? గుంటూరు, ప్రకాశము మైదానముల నల్లరేగడిలోను, కందుకూరు, కనిగిరి, పొదిలి వైపుల తేలికనేలలలోను పొగాకు, మిరప వేయువారికి ఇది వట్టి చర్చ కాదు. ఆ ఆఖరి తడిలో ఇంజను చమురు కలదు, కూలి కలదు, కౌలుదారుడైనచో అప్పుపై వడ్డియు కలదు. ఆ నీరు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో నేడు కొంత విచారింతము.

ఈ కడుగుడు మాట మనకంటె విదేశములందు గంజాయి పెంచువారిలో ఎక్కువగా వినబడును. కెనడాలో 2018 నుండియు, అమెరికాలోని కొన్ని రాష్ట్రములందు అంతకు ముందునుండియు ఆ సాగు చట్టసమ్మతమైనది. వారు కుండీలలో మొక్కలు పెంచి, కోతకు ఒకటి రెండు వారములు ముందుగా ఎరువు మాని ఉత్త నీరు పోయుదురు. పొగ మెత్తనగును, బూడిద తెల్లనగును అని వారి వాదము. 2019లో కొలరాడో రాష్ట్రమున ఒక ఎరువుల సంస్థ దీనిని పరీక్షించినది. కొన్ని మొక్కలను కడుగకయే కోసిరి. తక్కినవానిని ఏడు, పది, పదునాలుగు దినములు కడిగిరి. త్రాగి చూచినవారికి రుచిలో చెప్పుకోదగిన భేదము తోచలేదు. ఎరువులు అమ్మువారే ఎరువు మాననక్కరలేదని తేల్చిరి గదా యని ఎవరైన నవ్వవచ్చును, నవ్వదగినదే. అయినను మొక్క శరీరధర్మము వారి పక్షముననే యున్నది. (మన బాపట్ల తాలూకాలోను బ్రిటిషువారి కాలమున సర్కారు లైసెన్సుపై గంజాయి పండించెడివారు. ఆ సాగు పోయి చాలకాలమైనది. 1985 నాటి చట్టము ప్రకారము అది శిక్షార్హమైన నేరము.)

వేరు పీల్చిన నత్రజని మొక్కలో నత్రజనిగానే కూర్చుండదు. అది మాంసకృత్తులుగా, ఆకుపచ్చదనముగా మారి మొక్క శరీరమే యగును. గోడలో కలిసిన సున్నమును ముంగిట నీళ్ళు చల్లి బయటికి రప్పింపజాలము. నీరు నేలను కడుగునే కాని ఆకును కడుగదు. కుండీలో పోసిన నీరు అడుగు రంధ్రమున కారిపోవును. నల్లరేగడిలో పారించిన నీరు ఎక్కడికి పోవును? ఆ మట్టి ఉబ్బి, నీటిని పట్టి, వేరునకు గాలి ఆడనీయదు. పొగాకు వేరు నీటినిలువకు ఓర్వదు. ఒకటి రెండు దినములు నిలిచినచో మొక్క వాలిపోవును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. ఉత్త నీరు అని మనము పిలుచునది నిజముగా ఉత్తదేనా? చినగంజాము ఉప్పుమళ్ళను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. మడిలోని నీరు ఎండకు ఆవిరియై పోవును, ఉప్పు మిగులును. ఆకులోను జరుగునది అదియే. వేరునుండి ఎక్కిన నీరు ఆకు రంధ్రములగుండ ఆవిరిగా వెడలిపోవును; దానితో వచ్చిన లవణము ఆకుననే నిలిచిపోవును. పొగాకునకు పరమశత్రువు క్లోరైడు. ఎండిన ఆకులో అది నూటికి ఒకటిన్నర పాళ్ళు మించినచో ఆకు తేమను పీల్చి మెత్తబడును, నిప్పు నిలువక ఆరిపోవును. పదిలక్షల పాళ్ళ నీటిలో ఏబది పాళ్ళకు మించి క్లోరైడున్న బావినీరు పొగాకునకు తగదని శాస్త్రజ్ఞులు చెప్పుట ఇందుచేతనే. పొటాషు వేయవలసివచ్చినచో మ్యూరియేటు మాని సల్ఫేటు వేయుమనుటయు ఇందుచేతనే. సాగరు కుడికాలువ నీరు అందువారి మాట వేరు. సముద్రమునకు దగ్గరనుండు బావి నీటితో ఆకును శుభ్రపరుప బూనినవారు మాత్రము దానికి ఉప్పు పెట్టుచున్నారు.

వాన మాట యేమని అడుగవచ్చును. వాననీటిలో ఉప్పు లేదు. తేలికనేలలో మంచివాన పడినచో క్లోరైడు వేరునకు అందని లోతునకు దిగును. ఈ మేలు ముందు రానున్న ఆకులకే గాని పండిన ఆకులకు కాదు. పండిన ఆకుపై వాన పడినచో పైనున్న జిగురు కడుగుకొనిపోవును. తిరిగి జిగురు పట్టువరకు కొన్ని దినములు ఆగి విరువవలెను. పసుపు తిరుగుచున్న ఆకు మరల పచ్చబడుటయు కలదు.

అట్లయిన కడుగుడు పెట్టినవారి మొక్క పసుపు తిరుగుట అబద్ధమా? అబద్ధము కాదు. అది శుభ్రత కాదు, ఆకలి. ఎరువు ఆగగానే మొక్క అడుగు ఆకులలోని నత్రజనిని పై ఆకులకు తరలించుకొనును. పొగాకునకు ఆ ఆకలి కావలసినదే. నత్రజని వెనుకబడి అందినచో ఆకు దళసరియై, నికొటిను హెచ్చి, బ్యారనులో రంగు తిరుగదు. అందువలన నత్రజని నాటిన తొలి నెల, నెలన్నరలోనే ముగియవలెను. అప్పుడు మానవలసినది మానక, ఆకు పండినపిదప నీటితో దిద్దబోవుట వ్యర్థము. 1920 దశకమునుండి వర్జీనియా పండించుచున్న ఈ సీమలో, 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ నెలకొన్న పిదప, ఈ ఎరువుల వేళలను గూర్చి పరిశోధన విరివిగా జరిగినది. పొగ త్రాగుట ఆరోగ్యమునకు చేటు. ఆ సంగతిని మరుగుపరచి మేము ఈ మాటలు చెప్పుటలేదు.

బావినీటిపై అనుమానమున్నవారు ఆ నీటిని భూసార పరీక్షాకేంద్రమున నాటుటకు ముందే చూపించుకొనవలెను. ఇంటివద్ద చేయదగినదియు ఒకటి కలదు. క్యూరింగు చేసిన ఆకును నిప్పుకణికకు తాకించి, మంటలేక నిప్పు ఎన్ని క్షణములు ప్రాకునో లెక్కింపవలెను. రెండు చేల ఆకులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తేడా బోధపడును.

మిరపకు వత్తము. ఇక్కడ సందేహము ఎరువును గూర్చి కాదు, పురుగుమందును గూర్చి. తామరపురుగునకు కొట్టు మందులలో కొన్ని మొక్క రసములో కలిసి కాయలోనికి చేరును. చేనికి పెట్టిన నీరు వానిని తీయజాలదు. కాయను కడిగినను పైపూత కొంత పోవునేమో గాని లోనిది పోదు. లోనిది తగ్గుటకు కాలమొక్కటే సాధనము. మందు కొట్టిన పిదప ఎన్ని దినములు కోత ఆపవలెనో డబ్బాపై అచ్చువేసియుందురు. ధర బాగున్నదని ఆ గడువు దాటకుండ కోసిన కాయ విదేశపు రేవులో తిరస్కరింపబడవచ్చును. తిరస్కరింపనివారు లేనిచోట అది మన రోటిలోనికే వచ్చును. కోతకు ముందు తడి పెట్టుట మిరపకు మరియొక చేటు. నీరు తాగిన కాయ కల్లములో త్వరగా ఆరదు. నూటికి పది పదకొండు పాళ్ళ తేమకు దిగకమునుపే గోతాము కెత్తినచో బూజు పట్టును, ఆ బూజులో విషమును పుట్టును. కాబట్టి పండుకాయ కోయుటకు కొన్ని దినములు ముందే నీరు ఆపి, నేల ఆరనిచ్చి కోయుదురు. అదే చేనిలో పచ్చికాయ కోసి అమ్ముకొనువారు తడి ఆపనక్కరలేదు; మందు గడువు మాత్రము వారికిని వర్తించును.