కీలుగుర్రం కాళ్ల కిటుకు

తమిళనాట బాగాయం, గుడియాత్తం వైపు జాతరల్లో పొయ్‌క్కాల్ కుదిరై చూసే ఉంటారు. తంజావూరు సీమలో బాగా పేరున్న ఆట. మనవాళ్లు కీలుగుర్రం అంటారు. వెదురు చట్రం మీద కాగితం అంటించి, రంగులేసి గుర్రాన్ని చేస్తారు. నడుమ ఖాళీలో ఆటగాడు దూరి, పట్టీలతో బరువంతా భుజాలకు తగిలించుకుంటాడు. చుట్టూ వేలాడే గుడ్డ అతని కాళ్లను దాచేస్తుంది.

అసలు పనితనం ఆ గుడ్డ కిందే ఉంది, అక్కడ ఆటగాడు కొయ్యకాళ్లు కట్టుకుని ఉంటాడు. కొయ్యకాళ్లు కట్టుకున్నవాడు కదలకుండా నిలబడలేడు, వాటి మొన సన్నం మరి! పడిపోకుండా తూకం కోసం వేసే ఆ చిన్న చిన్న అడుగులే మన కంటికి గుర్రం చిందులు. ఎంత గొప్ప ఊహ!

గ్రీకు కథల్లో సగం మనిషి, సగం గుర్రంగా ఉండేవాడు ఒకడు ఉంటాడు కదా, ఆ వేషానికి ఈ చాటు లేదు. ఆటగాడి కాళ్లే ముందు కాళ్లు, వెనక కాళ్లూ కనబడాలి. ఆటగాడి కుడికాలికీ వెనక కుడికాలికీ కడ్డీ కడితే రెండూ ఒకేసారి లేచి ఒంటె నడక వస్తుంది. గుర్రం జోరు నడకలో ముందు కుడికాలితో వెనక ఎడమకాలు లేస్తుంది. అందుకే కడ్డీని ఐమూలగా కట్టాలి. వెనక కాలి మధ్యలో మడతబందు పెడితే గిట్ట నేలకు రాసుకోదు.